ఉందని రాశాను... ఉన్నట్టేనా?

"ఆక్సిటోసిన్ ఇంజక్షన్ ఉందాండీ?"

"ఎందుకు లేదు మేడమ్, చూడండి."

ఫార్మసిస్టు జేబులోంచి తాళంచెవి తీసి, స్టోర్ గదిలోని ఫ్రిజ్ తెరిచి చూపించారు. పై అరలో పెట్టె ఉంది. తేదీ చూశాను, గడువు ఇంకా ఎనిమిది నెలలుంది. ఫ్రిజ్ చల్లగానే ఉంది. నా చేతిలోని ఫారంలో ఆ వరసలో 'ఉంది' అన్న గడి మీద టిక్కు పెట్టి, తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాను.

అది 2013 ఏప్రిల్. మెట్ట ప్రాంతంలో ఓ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. 'ఇది 24 గంటల ఆసుపత్రి' అని గేటు మీద బోర్డు. టైము పగలు పదకొండున్నర. ఆ టిక్కు గురించే ఇవాళ మీకు చెప్పాలనుకుంటున్నాను. ఎందుకంటే రెండు నెలల తర్వాత అదే ఆసుపత్రిలో ఓ తొలిచూలు అమ్మాయి ప్రాణం మీదికి వచ్చింది. నేను 'ఉంది' అని రాసిన మందు ఆమెకి అందలేదు.

ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాక, ఆసుపత్రులు ఏపాటి సిద్ధంగా ఉన్నాయో చూసే ఓ సర్వేలో నన్ను చేర్చుకున్నారు. రోజుకి ఒకటి రెండు ఆసుపత్రులు. జీపులో వెళ్లడం, ఫారం నింపడం, సాయంత్రానికి తిరిగి రావడం. పని తెలిసినదాన్ని కదా, నా కళ్లు కప్పి ఎవరేం చెప్పగలరులే అనుకున్నాను. అక్కడే పొరపాటు పడ్డాను.

మనం వెళ్లాం... మరి ఆసుపత్రి?

మా అమ్మ నలుగుర్ని కన్నది. నాలుగు పురుళ్లూ మా ఇంటి వెనక గదిలోనే. మంత్రసాని, వేడినీళ్ల కాగు, అంతే. అప్పటికీ ఇప్పటికీ ఎంత తేడా వచ్చిందో చూడండి. 1992-93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి మన దేశంలో ఆసుపత్రి కాన్పులు నూటికి 26 మాత్రమే. 2019-21 నాటి అయిదో సర్వేకి అవి 88 దాటాయి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో అయితే నూటికి 96, 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే.

ఊరికే వచ్చిందా ఈ మార్పు? 2005లో జననీ సురక్షా యోజన వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ మొదలైంది. ఆశా కార్యకర్తలు వచ్చారు. 2011లో జననీ శిశు సురక్షా కార్యక్రమం వచ్చి సర్కారు ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రాకపోకలు అన్నీ ఉచితమంది. ఫలితం కూడా కనిపించింది. 2001-03లో దేశంలో లక్ష కాన్పులకి 301 మంది తల్లులు చనిపోతుండగా, 2018-20 నాటికి అది 97కి దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43.

అంటే 'ఆసుపత్రికి రండమ్మా' అని పిలిచారు, మనం వెళ్లాం. అత్తగార్లని ఒప్పించి, మొగుళ్లతో పోట్లాడి, ఆటోలో నొప్పులు పడుతూ వెళ్లాం. మరి వెళ్లేసరికి ఆ ఆసుపత్రి సిద్ధంగా ఉందా? పెళ్లివారిని పిలిచాక పొయ్యి మీద ఎసరు ఉండాలా వద్దా?

అయిదు గుంపుల ప్రశ్నలు

ఆసుపత్రి సిద్ధంగా ఉందో లేదో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓ పద్ధతి తయారు చేసింది. పేద దేశాల్లో, మనలాంటి దేశాల్లో ఆసుపత్రుల్ని కొలవడానికి దాన్ని వాడతారు. అందులో అయిదు గుంపులున్నాయి. మొదటిది కనీస వసతులు: కరెంటు, మంచినీళ్లు, మరుగుదొడ్డి, ఎవరికీ కనపడకుండా వినపడకుండా పరీక్ష చేసే గది, ఫోను, కంప్యూటరు, అత్యవసరానికి వాహనం. రెండోది కనీస పరికరాలు: పెద్దల తూకం, పిల్లల తూకం, థర్మామీటరు, స్టెతస్కోపు, బీపీ మిషను, పరీక్షకు లైటు. మూడోది రోగం ఒకరి నుంచి ఒకరికి అంటకుండా జాగ్రత్తలు. నాలుగోది పరీక్షలు. అయిదోది మందులు.

మన దేశానికి సొంత కొలతలు కూడా ఉన్నాయి. 1946లో భోర్ కమిటీ చెప్పిన ఆలోచన నుంచి పుట్టినవే మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒకటి, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికి ఒకటి ఉండాలని లెక్క. ఒక్కో దాంట్లో ఏమేం ఉండాలో చెప్పే జాతీయ ప్రమాణాల పుస్తకం 2007లో వచ్చింది. 2012లో ఒకసారి, 2022లో మరోసారి దాన్ని సవరించారు.

వినడానికి బాగానే ఉంది కదూ? నాకూ అలాగే అనిపించింది. చిక్కంతా మార్కులు వేయడంలో ఉంది.

మార్కుల్లో మర్మం

ఆ పద్ధతిలో కనీస వసతులు ఏడు. ఒక్కోటి ఉంటే ఒక మార్కు. ఇప్పుడు రెండు ఆసుపత్రులు తీసుకోండి. ఒకదాంట్లో అన్నీ ఉన్నాయి, కంప్యూటరు మాత్రం లేదు. రెండోదాంట్లో కంప్యూటరు ఉంది, నీళ్లు లేవు. రెండింటికీ ఏడుకి ఆరు. అంటే నూటికి 86 మార్కులు. రెండూ ఫస్టు క్లాసే!

కానీ కాన్పు చేసే నర్సుకి చేతులు కడుక్కోవడానికి నీళ్లు కావాలా, కంప్యూటరు కావాలా? మన ఇంట్లో పిల్లాడికి లెక్కల్లో సున్నా వచ్చి, మిగతావాటిల్లో వందేసి వస్తే సరాసరి బాగానే ఉంటుంది. అయినా పాసవుతాడా?

ఇక 'ఉంది' అన్న మాటకి ఎన్ని అర్థాలో నేను తిరిగిన ఊళ్లలో చూశాను. ఒకచోట మరుగుదొడ్డి ఉంది, తాళం వేసి ఉంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ పొలంలో. ఒకచోట జనరేటరు ఉంది, డీజిల్ లేదు. ఒకచోట బీపీ మిషను ఉంది, చేతికి చుట్టే పట్టీ చిరిగిపోయింది. ఇంకోచోట పుట్టగానే ఏడవని బిడ్డకి ఊపిరి ఊదే సంచీ ఉంది. ఎక్కడుందంటే బీరువాలో, కంపెనీ కవరు కూడా విప్పకుండా. "వాడితే పాడైపోతుందనండీ, ఆడిటింగులో అడుగుతారు" అన్నది అక్కడి అమ్మాయి. బిడ్డ ఏడవకపోతే మొదటి ఒక్క నిమిషంలోనే ఊపిరి అందించడం మొదలుపెట్టాలి. బీరువా తాళం వెతకడానికే ఆ నిమిషం చాలదు.

వీటన్నిటికీ ఫారంలో నేను రాసింది 'ఉంది' అనే. అబద్ధం కాదు. నిజం మాత్రం అవుతుందా?

ఆ రాత్రి ఏం జరిగింది?

ఆగస్టులో మళ్లీ అదే ఆసుపత్రికి వెళ్లాను. కొన్ని ఫారాలు సరిగ్గా నింపామో లేదో రెండోసారి చూడటం మా పనిలో భాగం. కాన్పుగదిలో డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు నన్ను గుర్తుపట్టింది. పాతికేళ్లు ఉంటాయేమో. మంచినీళ్లిచ్చి, కాసేపు ఊరుకుని, "మేడమ్, ఆవేళ మీరు ఫ్రిజ్‌లో మందు చూసి రాసుకెళ్లారే... జూన్లో ఓ రాత్రి ఆ మందు కోసం నేను ఏడ్చాను మేడమ్" అంది.

ఇరవై ఏళ్ల అమ్మాయి. తొలి కాన్పు. రాత్రి ఒంటిగంట దాటాక ఆడపిల్ల పుట్టింది. మాయ కూడా పడింది. రక్తం మాత్రం ఆగలేదు.

కాన్పయిన నిమిషంలోగా తల్లికి పది యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజక్షన్ ఇవ్వాలి. అది గర్భసంచిని గట్టిగా ముడుచుకునేలా చేస్తుంది. ముడుచుకుంటేనే రక్తం ఆగుతుంది. ఆ మందుని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వేడికి బలం తగ్గిపోతుంది. చూడటానికి మాత్రం నీళ్లలా అలాగే ఉంటుంది. పోయిన పాలు విరిగితే తెలుస్తుంది గానీ, ఇది తెలియదు.

కాన్పుగది ఫ్రిజ్ చెడిపోయి చాలా కాలమైంది. అందుకే మందు స్టోర్‌లో ఉంది. స్టోర్ తాళంచెవి ఫార్మసిస్టు జేబులో ఉంది. ఆయన ఇల్లు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో టౌన్లో ఉంది. కాన్పు బల్ల పక్క ట్రేలో రెండు ఆంపూల్స్ ఉన్నాయి. ఆ ఎండాకాలమంతా ఆ రేకుల ట్రేలోనే ఉన్నాయవి. పైగా కరెంటు లేదు. అమ్మాయి అత్త సెల్‌ఫోన్ లైటు పట్టుకుంటే నర్సు ఆ రెండూ ఇచ్చింది. ఒక చేత్తో పొట్ట మీద గర్భసంచిని మర్దన చేస్తూ, రెండో చేత్తో 108కి ఫోన్ చేసింది.

కాన్పులో అర లీటరు దాటి రక్తం పోతే ప్రమాదం కిందే లెక్క. అర లీటరంటే ఎంత? మన ఇంటికి పొద్దున్నే వచ్చే పాలప్యాకెట్టంత. ఆ అమ్మాయికి ముందే రక్తం తక్కువ, ఎనిమిది గ్రాములే. 2019-21 సర్వేలో కూడా మన దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. అలాంటి ఒంట్లోంచి ఓ ప్యాకెట్టు పోయినా మాటలు కాదు.

అంబులెన్స్ ముప్పై అయిదు నిమిషాల్లో వచ్చింది. ఇరవై ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని పెద్దాసుపత్రిలో మూడు సీసాల రక్తం ఎక్కించారు. అమ్మాయి బతికింది. దారి పొడవునా ఆ నర్సు పొట్ట మీద చెయ్యి తియ్యలేదట.

సరైన మందు ఇచ్చినా ఒక్కోసారి రక్తం ఆగదు, అది నాకు తెలుసు. కానీ ఆ అమ్మాయికి సరైన మందు అందే అవకాశమే రాలేదు. గోడకి అవతల, పది అడుగుల దూరంలో, చల్లగా, తాళం వేసి ఉంది. నా ఫారంలోనూ ఉంది.

ఆ సాయంత్రం జీపులో నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఫార్మసిస్టుది తప్పా? స్టోరు లెక్క ఆయన జవాబుదారీ, తాళం వేసుకోవద్దని ఎవరంటారు? నర్సుది తప్పా? రాత్రిపూట ఒక్కతే ఉంటుంది, కాన్పు చేయాలా, తాళాల కోసం పరుగెత్తాలా? మరి నాది? 'రాత్రి రెండు గంటలకి ఈ మందు ఎవరు తీసిస్తారు?' అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే? ఫారంలో ఆ ప్రశ్న లేదు నిజమే. నా ముప్పై ఏళ్ల అనుభవంలో అయినా ఉండాలి కదా!

అడిగే తీరు మార్చాను

ఆ తర్వాత నేను వెళ్లిన ప్రతి ఆసుపత్రిలోనూ 'ఉందా?' అనడం మానేశాను. 'తెచ్చి నా చేతిలో పెట్టండి' అనేదాన్ని. వాచీ చూసుకునేదాన్ని. ఒకచోట ఇంజక్షన్ నలభై సెకన్లలో వచ్చింది. ఒకచోట పదకొండు నిమిషాలు పట్టింది. లైటుంటే స్విచ్ వేయించాను. కుళాయి తిప్పి చూశాను. మెయిన్ ఆపించి, ఇన్వర్టర్ పనిచేస్తుందేమో చూశాను. మొదట్లో కొందరు విసుక్కున్నారు. తర్వాత వాళ్లే, "మేడమ్, ఇది కూడా రాయండి, ఎన్నిసార్లు అడిగినా రావట్లేదు" అని చెప్పుకొచ్చారు. పని చేసేవాళ్లకే కదా లోటు బాధ తెలిసేది!

ఇప్పుడు జాతీయ నాణ్యతా ప్రమాణాల కింద ఆసుపత్రుల్ని చూసే పద్ధతి కొంత మెరుగు. కళ్లతో చూడటం, సిబ్బందిని అడగటం, రికార్డులు చదవటం, రోగులతో మాట్లాడటం అని నాలుగు రకాలుగా పరీక్షిస్తారు. ఉంది, లేదు అని కాకుండా పూర్తిగా ఉంటే రెండు, కొంత ఉంటే ఒకటి, లేకపోతే సున్నా వేస్తారు. 2017లో కాన్పుగదుల కోసమే 'లక్ష్య' అనే కార్యక్రమం కూడా మొదలైంది.

వస్తువులుంటే చాలా?

చాలదు. 2017లో వెలువడిన ఓ అధ్యయనం కెన్యా, టాంజానియా, హైతీ, సెనెగల్ వంటి 8 దేశాల్లో సుమారు 4,300 ఆసుపత్రుల్ని చూసింది. పరికరాలు, వసతులు బాగా ఉన్నచోట వైద్యం కూడా బాగుంటుందనుకుంటాం కదా? ఆ రెండింటికీ సంబంధం చాలా తక్కువని తేలింది. స్టెతస్కోపు గోడకి ఉంటుంది, గుండె మీద పెట్టేవారుండాలి.

మన ఉత్తరప్రదేశ్‌లోనూ 120 ఆసుపత్రుల్లో ఓ పెద్ద ప్రయత్నం జరిగింది. కాన్పు సమయంలో మరిచిపోకుండా చేయాల్సిన పనుల జాబితా ఒకటి నర్సులకిచ్చి, పక్కనుండి నేర్పారు. 2017లో ఫలితాలొచ్చాయి. నర్సుల పని తీరు బాగా మెరుగుపడింది. కానీ తల్లీబిడ్డల మరణాలు తగ్గలేదు. ఏం తెలిసింది మనకి? వస్తువు, మనిషి, నేర్పు, అవసరమైతే పెద్దాసుపత్రికి చేర్చే దారి... నాలుగూ ఒకేసారి ఉండాలి. పప్పు ఉండి ఉప్పు లేకపోతే, ఉప్పు ఉండి పొయ్యి వెలగకపోతే వంట కాదు.

సంతోషించాల్సిన సంగతి కూడా ఉంది. ఫ్రిజ్ అవసరం లేకుండా వేడిని తట్టుకునే కార్బెటోసిన్ అనే ఇంజక్షన్‌ని, కాన్పు తర్వాత రక్తస్రావం రాకుండా ఇచ్చే మందుల్లో ఒకటిగా 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. పోతున్న రక్తాన్ని కొలిచే గీతల సంచీని తల్లి కింద పరిచి, ప్రమాదాన్ని ముందే పసిగట్టి, చేయాల్సిన చికిత్సలన్నీ వెంటనే మొదలుపెట్టే పద్ధతి వల్ల తీవ్ర ప్రమాదాలు 60 శాతం తగ్గాయని 2023లో నాలుగు ఆఫ్రికా దేశాల్లో రుజువైంది. సంచీ అంటే ప్లాస్టిక్ సంచీయే. ఖరీదైన మిషనేమీ కాదు.

కాన్పుకి ముందు ఓసారి చూసి రండి

అద్దె ఇంటికి వెళ్లేముందు కుళాయి తిప్పి, స్విచ్‌లు వేసి చూస్తాం. పెళ్లికి ముందు కల్యాణ మండపం చూసొస్తాం. మరి కాన్పు జరిగే చోటుని ఎందుకు చూసిరాం? మీ కూతురో, కోడలో, మీరో అయితే ఏడో నెలలోనే ఓసారి వెళ్లండి. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా పరీక్షలుంటాయి కాబట్టి ఆ రోజైతే మంచిది. మీ ఆశా కార్యకర్తని వెంట తీసుకెళ్లండి. నిలదీసినట్టు కాకుండా, ఇంటి మనిషిలా అడగండి. ప్రైవేటు ఆసుపత్రి అయినా ఇవే ప్రశ్నలు.

• రాత్రి డ్యూటీ నర్సు ఎవరు? ఆసుపత్రిలోనే ఉంటారా? ఫోన్ నంబరు రాసుకోండి.

• కాన్పుగదిలో నీళ్లొస్తున్నాయా? సబ్బుందా? కరెంటు పోతే మోటారు లేకుండా నీళ్లెలా?

• కరెంటు పోతే లైటు ఏది? ఒక్కసారి వేసి చూపించమనండి.

• రక్తం ఆగడానికి ఇచ్చే ఇంజక్షన్ ఎక్కడ ఉంచుతారు? రాత్రిపూట తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

• బీపీ పెరిగి ఫిట్స్ వస్తే, మన పెద్దవాళ్లు గుర్రపువాతం అంటారే, దానికి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ఉందా?

• బిడ్డ ఏడవకపోతే ఊపిరి అందించే సంచీ కాన్పు బల్ల పక్కనే ఉందా?

• తల్లి వాడుకోగలిగే మరుగుదొడ్డి ఉందా, తాళం తీసి ఉందా?

• ఇక్కడ కుదరకపోతే ఎక్కడికి పంపుతారు? ఎంత దూరం? అక్కడ రక్తం దొరుకుతుందా?

ఇంట్లో మీరు చేయాల్సినవీ ఉన్నాయి. గర్భిణి రక్తం గ్రూపు కాగితం మీద రాసి పెట్టండి. అవసరమైతే రక్తం ఇవ్వగల ఇద్దరితో ముందే మాట్లాడి ఉంచండి. ఐరన్ మాత్రలు చెత్తబుట్టలో పడకుండా చూడండి. 'ఎనిమిది గ్రాములే' అని రిపోర్టులో వస్తే 'అందరికీ అంతేలే' అనుకోకుండా అప్పుడే డాక్టరుని అడగండి.

ఏదైనా లేదని తెలిస్తే గొడవ పెట్టుకోనక్కర్లేదు, వదిలేయనూ అక్కర్లేదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ ఓ అభివృద్ధి కమిటీ ఉంటుంది, దానికి కొంత నిధి ఉంటుంది. చిన్నచిన్న మరమ్మతులు ఆ నిధితో చేయించవచ్చు. మీ పొదుపు సంఘం తరఫున ఓ కాగితం రాసివ్వండి. ఒక్కరు అడిగితే ఫిర్యాదు, పది మంది అడిగితే ఎజెండా.

మేకుకి వేలాడే తాళంచెవి

ఇది ఊరికే చెప్పే మాట కాదు. ఆ అమ్మాయి అత్తగారు, అదే, చీకట్లో సెల్‌ఫోన్ లైటు పట్టుకున్నావిడ, ఊళ్లో డ్వాక్రా గ్రూపు లీడరు. కోడలు ఇంటికి చేరాక గ్రూపులో విషయం పెట్టింది. పన్నెండు మంది ఆడవాళ్లు కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లారు. "మా కోడలు బతికిందయ్యా, మీకు దండం పెడతాం. రేపు ఇంకొకరి కోడలు వస్తది. ఆ ఫ్రిజ్ బాగు చేయించండి" అన్నారట. అంతే, అరుపుల్లేవు, ధర్నా లేదు.

మరుసటి ఏడు వేరే పని మీద అటు వెళ్తూ ఆగాను. కాన్పుగదిలో ఫ్రిజ్ పనిచేస్తోంది. లోపల ఓ డబ్బాలో మందు, పక్కనే చిన్న థర్మామీటరు, తలుపుకి ఓ కాగితం, దాని మీద పొద్దునా సాయంత్రం రాసిన డిగ్రీలు. స్టోర్ గదికి ఇంకో తాళంచెవి చేయించారు. కాన్పు బల్ల వెనక గోడకి కొట్టిన మేకుకి, ఎర్ర రిబ్బను కట్టి, వేలాడుతోంది. చీకట్లో తడిమినా దొరుకుతుంది.

నా చేతిలో ఆ రోజు ఫారం లేదు. ఉంటే మాత్రం, ఆ తాళంచెవికి టిక్కు పెట్టడానికి గడి ఎక్కడుంది? ఆ గడి మనమే గీసుకోవాలి. ఈసారి మీ ఊరి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఓ క్షణం ఆగి అడగండి. 'ఉందా?' అని కాదు. 'రాత్రి రెండింటికి ఎవరు తీసిస్తారమ్మా?' అని.